పెట్రోలు బంకు క్రయవిక్రయ తనిఖీ

పెట్రోలు బంకు క్రయవిక్రయ తనిఖీ అనగా ఒక పెట్రోలు బంకును గాని, అది ఉన్న స్థలాన్ని గాని కొనేముందు లేదా అమ్మేముందు అక్కడి భూమి పత్రాలను, లైసెన్సులను, భూగర్భ ట్యాంకులను, పంపు యంత్రాలను, నేలను, భూగర్భ జలాన్ని పరీక్షించడం. ఇల్లు, పొలం వంటి ఆస్తుల తనిఖీకి, దీనికి ముఖ్యమైన తేడా ఒకటుంది. బంకులో విలువైన భాగం, ప్రమాదకరమైన భాగం కూడా నేలకింద కంటికి కనబడకుండా ఉంటాయి. కొన్న తరువాత ట్యాంకు కారుతున్నదని తెలిస్తే నష్టం కొన్నవారికే పరిమితం కాదు. ఇరుగుపొరుగు బావులు, బోర్లు కూడా పాడవుతాయి.

భారతదేశంలో అమ్మకపు స్వరూపం

భారతదేశంలో ఎక్కువ బంకులు ఇండియన్ ఆయిల్, భారత్ పెట్రోలియం, హిందుస్తాన్ పెట్రోలియం అనే ప్రభుత్వరంగ సంస్థల డీలర్ల నిర్వహణలో ఉన్నాయి. నయారా ఎనర్జీ (2018కి ముందు ఎస్సార్ ఆయిల్) వంటి ప్రైవేటు సంస్థల బంకులు కూడా ఉన్నాయి. కొన్ని బంకులలో స్థలం డీలరుది, కొన్నిటిలో కంపెనీది, మరికొన్నిటిలో మూడవ వ్యక్తి నుండి కౌలుకు తీసుకున్నది. స్థలం డీలరుదే అయినా ట్యాంకులు, పంపు యంత్రాలు సాధారణంగా కంపెనీ ఆస్తి.

డీలరుషిప్పు అనేది కంపెనీతో చేసుకున్న ఒప్పందం. ఇది పొలం వలె ఇష్టం వచ్చిన వారికి అమ్ముకోగల ఆస్తి కాదు. భాగస్వామిని చేర్చుకోవాలన్నా, మార్చాలన్నా కంపెనీ అనుమతి తప్పనిసరి. కొన్నిచోట్ల కంపెనీకి తెలియకుండా లోపాయికారీ ఒప్పందం రాసుకొని బంకును వేరొకరు నడపడం జరుగుతుంటుంది. ఇది బయటపడితే డీలరుషిప్పు రద్దు కావచ్చు. అప్పుడు డబ్బు చెల్లించిన వ్యక్తి చేతిలో డీలరుషిప్పు గాని, యంత్రాలు గాని మిగలవు. కాబట్టి తనిఖీలో మొదటి ప్రశ్న "అమ్ముతున్నది ఏమిటి?" అన్నదే.

పత్రాల తనిఖీ

* భూమి హక్కులు: ఈసీ, లింకు దస్తావేజులు, అడంగల్, 1-బి చూడాలి. రాయలసీమలో డీకేటీ పట్టా భూములు, చుక్కల భూములు ఎక్కువ. అసైన్డు భూముల బదిలీని 1977 నాటి చట్టం నిషేధించింది. తరువాత దానికి కొన్ని సడలింపులు వచ్చాయి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉన్నదీ లేనిదీ తప్పక చూడాలి.
* భూ వినియోగం: వ్యవసాయ భూమి అయితే వ్యవసాయేతర భూమిగా మార్చిన ఉత్తర్వు ఉండాలి.
* పెట్రోలియం లైసెన్సు: 1934 పెట్రోలియం చట్టం, 2002 పెట్రోలియం నియమాల క్రింద పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ (పెసో) దీనిని ఇస్తుంది. ఈ సంస్థ ప్రధాన కార్యాలయం నాగపూరులో ఉంది. లైసెన్సుతో ఆమోదిత నక్షా ఉంటుంది. ట్యాంకులు, పంపులు, గదులు నక్షాలో చూపిన చోటనే ఉన్నాయా అని కొలిచి చూడాలి.
* నిరభ్యంతర పత్రం: జిల్లా అధికారులు ఇచ్చినది.
* రహదారి అనుమతి: జాతీయ రహదారి పక్కన అయితే కేంద్ర రహదారి శాఖ నిబంధనలు, రాష్ట్ర రహదారి పక్కన అయితే రోడ్లు భవనాల శాఖ అనుమతి.

కొత్త బంకులు బడులకు, ఆసుపత్రులకు, నివాస ప్రాంతాలకు 50 మీటర్ల దూరంలో ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. అదనపు భద్రతా ఏర్పాట్లతో ఈ దూరం తగ్గవచ్చు గాని 30 మీటర్లకు తక్కువ కాకూడదు.

ట్యాంకుల తనిఖీ

భూగర్భ ట్యాంకులు సాధారణంగా ఉక్కుతో చేసినవి. కాలక్రమేణా తుప్పు పట్టి చిల్లులు పడతాయి. ట్యాంకు వయసు, పూత, పూడ్చిన విధానం రికార్డులలో చూడాలి. తరువాత పీడన పరీక్ష చేయించాలి.

దీనికంటె తేలికైనది నిల్వ లెక్క. ముందురోజు నిల్వకు ట్యాంకరు ద్వారా వచ్చిన సరుకు కలిపి, అమ్మకం తీసివేస్తే పుస్తకం ప్రకారం ఉండవలసిన నిల్వ వస్తుంది. డిప్ రాడ్‌తో కొలిచిన నిల్వను దీనితో పోల్చాలి. ఒకరోజు ఎక్కువ, మరొకరోజు తక్కువ రావడం సహజం. ఎండాకాలంలో ఆవిరి నష్టం ఉంటుంది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మారితే పెట్రోలు పరిమాణం సుమారు 0.1 శాతం మారుతుంది. అయితే ఆవిరి నష్టానికి మించి ప్రతిరోజూ ఒకేవైపు తరుగు వస్తుంటే కారుడు అనుమానించాలి. సెకనుకు ఒక చుక్క, చుక్క 0.05 మి.లీ. చొప్పున కారితే రోజుకు 4.3 లీటర్లు, ఏడాదికి 1,500 లీటర్లకు పైగా నేలలో కలుస్తుంది. ఒక్కరోజు లెక్కలో ఇది కనబడదు. అందువలన కొన్ని నెలల రిజిస్టరును చూడాలి.

ట్యాంకు అడుగున నీరు చేరినదీ లేనిదీ డిప్ రాడ్‌కు నీటిని గుర్తించే పేస్టు పూసి చూస్తారు. నీరు తగిలినచోట పేస్టు రంగు మారుతుంది. ఇథనాలు కలిపిన పెట్రోలులో కొద్దిపాటి నీరు ఇథనాలులో కలిసిపోతుంది, ఎక్కువైతే రెండూ కలిసి అడుగుకు విడిపోతాయి. దీనికి తగిన ప్రత్యేక పేస్టు వాడాలి.

పంపు యంత్రాలు, నాణ్యత

పంపులకు తూనికలు కొలతల శాఖ ఏడాదికొకసారి ముద్ర వేస్తుంది. ప్రస్తుతం 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం అమలులో ఉంది. 5 లీటర్ల కొలపాత్రలో పట్టినపుడు తేడా 25 మి.లీ. మించకూడదు. సీళ్ళు చెదరకుండా ఉన్నాయా అని కూడా చూడాలి. సాంద్రతను హైడ్రోమీటరుతో కొలిచి, 15 డిగ్రీల సెంటీగ్రేడుకు మార్చి, సరఫరా పత్రంలోని అంకెతో పోల్చాలి. గతంలో కొలతలు, కల్తీ విషయమై పడిన జరిమానాలు, కేసుల వివరాలు అమ్మకందారు నుండి లిఖితపూర్వకంగా తీసుకోవాలి.

నేల, నీరు: కోయిలకుంట్ల ఉదాహరణ

తనిఖీ పద్ధతి స్థానిక నేలను బట్టి మారుతుంది. దీనికి కోయిలకుంట్ల ప్రాంతం మంచి ఉదాహరణ. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఉన్న ఈ పట్టణం అంతకుముందు కర్నూలు జిల్లాలో ఉండేది. ఇది కుందూ నది లోయలో ఉంది.

ఇక్కడ విస్తారంగా ఉన్న నల్లరేగడి నేల వానలకు ఉబ్బి, వేసవిలో కుంచించుకొని నెర్రెలు విచ్చుతుంది. ఈ కదలికకు గొట్టాల అతుకులు సడలవచ్చు. అందుకే ట్యాంకుల చుట్టూ ఇసుక నింపారా, గచ్చు కుంగిందా, కొత్తగా అతుకులు వేశారా అని చూడాలి.

నల్లరేగడి కింద ఉన్న రాయి మరొక సమస్య. భూగర్భ శాస్త్రంలో కర్నూలు శిలా సముదాయంలోని ఒక పొరకు ఈ ఊరి పేరు మీదుగానే "కోయిలకుంట్ల సున్నపురాయి" అని పేరు. సున్నపురాయిలో నీరు పగుళ్ళ వెంట, రాయి కరిగి ఏర్పడిన ఖాళీల వెంట పారుతుంది. కారిన పెట్రోలు ఇసుక నేలలో వలె నెమ్మదిగా ఇంకదు. ఏ బోరులో తేలుతుందో ముందుగా చెప్పడం కష్టం. పెట్రోలులో 1 శాతం వరకు బెంజీను ఉండవచ్చు. తాగునీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఈ లెక్కన ఒక లీటరు పెట్రోలులోని బెంజీను అంతా కరిగితే 8 లక్షల లీటర్లకు పైగా నీటిని తాగరానిదిగా చేయగలదు. కాబట్టి బంకు బోరుతో పాటు చుట్టుపక్కల బోర్ల నీటిని కూడా ప్రయోగశాలలో పరీక్షించాలి.

నది దగ్గరి స్థలాలలో వరద మట్టం తెలుసుకోవాలి. నీట మునిగిన 20,000 లీటర్ల ఖాళీ ట్యాంకును నీరు సుమారు 20 టన్నుల బలంతో పైకి నెడుతుంది. పట్టీలతో కాంక్రీటుకు బిగించని ట్యాంకు పైకి లేచి గొట్టాలను తెంచవచ్చు.

ఇతర దేశాలలో

అమెరికాలో భూగర్భ ట్యాంకులపై 1984లో చట్టం, 1988లో నియమాలు వచ్చాయి. పాత ట్యాంకులను బాగుచేయడానికి, మార్చడానికి లేదా మూసివేయడానికి 1998 డిసెంబరు వరకు గడువిచ్చారు. అక్కడ కొనుగోలు తనిఖీ రెండు దశలలో జరుగుతుంది. మొదటి దశలో పాత రికార్డులు, స్థల పరిశీలన, ఇరుగుపొరుగు వారిని విచారించడం ఉంటాయి. అనుమానం కలిగితే రెండవ దశలో బోర్లు వేసి మట్టి, నీటి నమూనాలు తీస్తారు. అప్పులిచ్చే బ్యాంకులు ఈ నివేదికలను అడుగుతాయి.

అమ్మకందారుకు ఉపయోగం

తనిఖీ కొనేవారికి మాత్రమే కాదు. అమ్మిన నాటికి నేల, నీరు శుభ్రంగా ఉన్నట్లు నివేదిక ఉంటే తరువాత ఏర్పడిన కారుడుకు పాత యజమానిని బాధ్యుని చేయడం కష్టం. లోపం కనబడితే మరమ్మతు ఖర్చు ఎవరు భరించాలో విక్రయ ఒప్పందంలోనే రాసుకోవచ్చు.

ఇవి కూడా చూడండి

* పెట్రోలు
* భూగర్భ జలం
* కుందూ నది
* కోయిలకుంట్ల