మౌనంగా ఉంటే... పేరు పోతుంది!

వెబ్‌సైట్‌ పేరు మారకుండానే దాన్ని నమోదు చేసే కంపెనీని, అంటే రిజిస్ట్రార్‌ని, మార్చుకోవచ్చు. పాత రిజిస్ట్రార్‌ ఐదు రోజుల్లో కాదనకపోతే సరేనన్నట్టే! ఇంటర్నెట్‌ పేర్ల వ్యవహారాలు చూసే ఐకాన్‌ 2004 నవంబరులో పెట్టిన నిబంధన ఇది. రెండు నెలలు తిరిగేసరికి న్యూయార్క్‌లోని పానిక్స్‌ అనే ఇంటర్నెట్‌ కంపెనీ పేరు, యజమానులకు తెలియకుండానే ఆస్ట్రేలియా రిజిస్ట్రార్‌కి చేరిపోయింది. ఖాతాదారుల ఈమెయిళ్లు దారితప్పాయి. పైగా వారాంతం, మొర వినేవాళ్లేరీ!

ఇలా జరక్కుండా కాపాడేది 'ట్రాన్స్‌ఫర్‌ లాక్‌'. ఆ తాళం తీసి, రహస్య కోడ్‌ ఇస్తేనే డాట్‌కామ్‌ పేరు కదులుతుంది. కొత్తగా కొన్న 60 రోజుల్లోపు సాధారణంగా బదిలీకి ఒప్పుకోరు.

వెబ్‌సైట్‌ తయారుచేసిన కుర్రాడి ఈమెయిల్‌తోనే దుకాణం పేరు నమోదు చేయించారా? ముందు అది మార్పించుకోండి. కోడ్‌ వెళ్లేది మామూలుగా ఆ చిరునామాకే.