దారిలో ఆగిపోయే పాలబండి: లోపం ఇంధనంలోనేనా?

పాల సంఘం పని అంతా గడియారం మీద నడుస్తుంది. పితికిన పాలు గేదె ఒంటి వేడితోనే సేకరణ కేంద్రానికి వస్తాయి. ఆ వేడిలో సూక్ష్మజీవులు సుమారు అరగంటకు ఒకసారి రెట్టింపవుతూ పోతాయి. వాటిని అడ్డుకొనే సహజశక్తి తాజా పాలలో కొంత ఉన్నా, అది రెండు మూడు గంటలకు మించి నిలవదు. ఆ లోపల పాలు శీతల కేంద్రం చేరి 4 డిగ్రీల సెంటీగ్రేడుకు చల్లబడాలి. గ్రామంలోనే బల్కు కూలరు ఉన్న సంఘాలకు ఈ తొందర తక్కువ. క్యాన్లలో పాలు పంపే సంఘాలకు మాత్రం బండి ఆగిన ప్రతి నిమిషమూ నష్టమే. పాలు విరిగి తిరిగి వస్తే రెండు లీటర్లు పోసినవారికీ, ఇరవై లీటర్లు పోసినవారికీ కలిపే నష్టం వస్తుంది.

బండి ఆగిపోగానే "పంపు పోయింది" అనడం పరిపాటి. పంపు మారుస్తారు. నాలుగు రోజులు నడిచి బండి మళ్ళీ ఆగుతుంది. అప్పుడు ఇంజెక్టర్లంటారు. ఇలా అనుమానం మీద ఒక్కొక్క భాగమే మారుస్తూ పోతే సంఘం డబ్బు కరిగిపోతుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. థర్మామీటరు పెట్టి చూడకుండా పశువుకు ఇంజెక్షను చేయించుకోము కదా! బండి విషయంలోనూ అంతే. ఇంధనం ట్యాంకులో బయలుదేరి ఇంజను దాకా వెళ్ళే దారిలో ఎక్కడ ఆగుతున్నదో వరుసగా చూసుకోవాలి. ఈ పరీక్షల్లో మొదటివాటికి పైసా ఖర్చు లేదు. డ్రైవరు, కార్యదర్శి కలిసి చేసుకోవచ్చు.

ముందుగా ఆగిన తీరు గమనించండి

దీపం ఆర్పినట్టు ఒక్కసారిగా ఇంజను ఆగిపోతే మొదట విద్యుత్తు సంబంధమైన లోపాన్ని అనుమానించాలి. బ్యాటరీ తీగలు, ఫ్యూజు, రిలే, సెన్సారు తీగలు చూడాలి. మన సముద్రపు గాలికి బ్యాటరీ కొనల మీద పచ్చటి చిలుము త్వరగా పడుతుంది. దానిని శుభ్రం చేసి బిగించి చూడటం మొదటి పని.

అలా కాక బండి ముందు కుదుపులు ఇచ్చి, లాగుడు తగ్గి, దగ్గుతున్నట్టు నడిచి ఆగితే ఇంధనం చాలడం లేదని అనుకోవచ్చు. ఇందులోనూ తేడాలు ఉన్నాయి.

క్యాన్ల బరువుతో వంతెన ఎక్కేటప్పుడు ఆగి, ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు బాగా నడిస్తే ఫిల్టరు మూసుకుపోతున్నదని అనుమానించాలి. బరువు ఉన్నప్పుడు ఇంజను ఎక్కువ ఇంధనం అడుగుతుంది. మూసుకుపోయిన ఫిల్టరు అంత ఇవ్వలేదు.

పది పదిహేను నిమిషాలు నడిచి ఆగి, కాసేపు ఊరుకుంటే మళ్ళీ నడిస్తే ట్యాంకుకు గాలి అందడం లేదేమో చూడాలి. ట్యాంకు అడుగున ఉన్న చెత్త పైపు మూతికి అడ్డం పడినా ఇలాగే జరుగుతుంది. బండి ఆగగానే పీలుపు తగ్గి చెత్త జారిపోతుంది. మళ్ళీ నడిచేసరికి వచ్చి పడుతుంది.

రోడ్డు మీద బాగానే నడుస్తూ, కేంద్రం ముందు నిలబెట్టినప్పుడు మాత్రమే ఆగిపోయే పెట్రోలు బండిలో గాలి లోపలికి వెళ్ళే గొట్టం వద్ద మసి పేరుకుని ఉండవచ్చు. నల్లని పొగ వస్తే ఇంధనం తక్కువై కాదు, గాలి తక్కువై ఆగుతున్నదేమో చూడాలి. గాలి ఫిల్టరు విప్పి దులపాలి.

ట్యాంకు మూత పరీక్ష

ఇంధనం ఖర్చవుతున్న కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. దానికోసం చాలా బండ్లలో మూతలోనే సన్నని మార్గం ఉంటుంది. కొన్నిటిలో వేరే గొట్టం ఉంటుంది. బురదతోనో దుమ్ముతోనో అది మూసుకుపోతే ట్యాంకు లోపల పీలుపు ఏర్పడి ఇంధనం ముందుకు పోదు. బండి ఆగిన వెంటనే మూత నెమ్మదిగా తిప్పండి. "బుస్సు"మని గాలి లోపలికి పోయి, ఆ తర్వాత ఇంజను వెంటనే అందుకుంటే లోపం చాలావరకు దొరికినట్టే. మూత మారిస్తే సరిపోతుంది.

సీసా పరీక్ష

డీజిలు బండ్లకు ఇది అన్నిటికన్నా ఉపయోగమైన పరీక్ష. ఫిల్టరు అడుగున నీరు వదలడానికి ఒక మర ఉంటుంది. ఇంజను ఆపి, దాని కింద శుభ్రమైన గాజుసీసా పెట్టి కొంత డీజిలు పట్టండి. పది నిమిషాలు కదపకుండా ఉంచండి. లీటరు నీరు 1,000 గ్రాములైతే లీటరు డీజిలు సుమారు 830 గ్రాములే. అందుచేత పాల మీద మీగడ తేలినట్టు డీజిలు పైకి తేలి, నీరు అడుగున గీత గీసినట్టు విడిగా నిలుస్తుంది. డీజిలంతా మబ్బుగా ఉంటే అందులో నీరు సన్నని తుంపరలుగా కలిసి ఉన్నదని అర్థం. నీటికీ డీజిలుకూ మధ్య నల్లటి జిగురు కనిపిస్తే సూక్ష్మజీవులు పెరిగాయన్నమాట. పాలలోనే కాదు, నీరు చేరిన డీజిలులోనూ అవి బతుకుతాయి. ఆ జిగురే ఫిల్టరును మాటిమాటికీ మూసేస్తుంది. అప్పుడు ఫిల్టరు మార్చినంత మాత్రాన చాలదు, ట్యాంకు దింపి కడిగించాలి.

ముమ్మిడివరం ప్రాంతంలో ఈ పరీక్ష అవసరం మరీ ఎక్కువ. గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చల్లబడినప్పుడు ఆ తేమ లోపలి గోడలకు చెమటలా పట్టి అడుగుకు జారుతుంది. అందుకే సాయంత్రం ట్రిప్పు కాగానే ట్యాంకు నింపి ఉంచడం మంచిది. 2022 జూలై గోదావరి వరదలో లంక గ్రామాల రోడ్లు మునిగిన సంగతి మనకు తెలిసిందే. నీరు నిలిచిన రోడ్డు మీద నడిచిన బండికి మరునాడే సీసా పరీక్ష చేయాలి. ట్యాంకు గాలి గొట్టం గుండా నీరు చేరే అవకాశం ఉంది.

రొయ్యల చెరువు గట్ల మీద డ్రమ్ముల్లో నిలవ ఉన్న డీజిలును అవసరానికి తెచ్చి పోయడం ఇంకొక ప్రమాదం. నిలువుగా పెట్టిన డ్రమ్ము పైభాగాన వాననీరు నిలుస్తుంది. రాత్రి డ్రమ్ము చల్లబడగానే బిరడా సందు గుండా ఆ నీరు లోపలికి పీల్చుకుంటుంది. డ్రమ్మును కాస్త వాల్చి, నీరు బిరడా మీదికి రాకుండా ఉంచాలి.

గొట్టాలలో గాలి

డీజిలు ఒకసారి పూర్తిగా అయిపోయినా, ఫిల్టరు మార్చినా గొట్టాలలో గాలి చేరుతుంది. గొట్టం కొన వదులైనా, రబ్బరు పగిలినా ఇంధనం బయటికి కారకుండానే గాలి లోపలికి పోవచ్చు. పాత డీజిలు ఇంజన్లలో ఫిల్టరు మీది మర వదులు చేసి, చేతిపంపు కొడుతూ బుడగలు ఆగేదాకా డీజిలు వదిలి, మర బిగిస్తారు. ఒక రాత్రి గడిస్తే మళ్ళీ బుడగలు వస్తున్నాయంటే ఎక్కడో సందు ఉన్నదని అర్థం. ట్యాంకు నుంచి పంపు దాకా ప్రతి జోడింపూ చూడవలెను.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇప్పటి కామన్ రైలు ఇంజన్లలో ఇంజెక్టరు గొట్టాల లోపల ఒత్తిడి 1,000 బార్లకు మించుతుంది. ఆ గొట్టాల నట్లు మనం విప్పరాదు. అక్కడి నుంచి చిమ్మే డీజిలు చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదు. అటువంటి బండిలో మన పని ఫిల్టరు దాకానే. ఆ పైన శిక్షణ పొందిన మెకానిక్ చూడాలి.

పెట్రోలు బండ్ల సంగతి

ఇంజెక్షను పద్ధతి గల పెట్రోలు కార్లలోనూ, చిన్న బండ్లలోనూ పంపు సాధారణంగా ట్యాంకులోనే ఉంటుంది. తాళం తిప్పగానే, ఇంజను కదలకముందే, రెండు సెకన్లపాటు సన్నగా మోత వినిపించాలి. ఆ మోత లేకపోతే పంపు మార్చే ముందు దాని ఫ్యూజు, రిలే, తీగలు చూపించండి. బండి ఒక్కసారిగా ఆగడానికి పంపు తీగ వదులవడం కూడా కారణం కావచ్చు. మోత ఉన్నా బండి లాగకపోతే మెకానిక్ చేత ఇంధన ఒత్తిడి కొలిపించాలి. పంపు బాగున్నదీ లేనిదీ ఆ కొలత చెబుతుంది.

కార్బురేటరు ఉన్న పాత అంబాసిడర్, జీపు వంటివాటిలో ఎండాకాలం ఇంజను వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరై దారి మూసేస్తుంది. పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగితే నడుస్తుంది. అలా జరిగితే పంపు పాడైనట్టు కాదు.

2023లో మొదలై ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తున్నది. ఇథనాల్ నీటిని తనలో కలుపుకొంటుంది. నీరు ఎక్కువైతే రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. పైపు పీల్చేది అడుగు నుంచే కనుక బండి వెంటనే ఆగుతుంది. వారాల తరబడి కదలని బండిలో పెట్రోలు నిలవ ఉంచకండి. పాత బండ్ల రబ్బరు గొట్టాలు మెత్తబడ్డాయేమో చూడండి. మీ బండికి ఏ ఇంధనం తగునో దాని పుస్తకంలో ఉంటుంది.

మెకానిక్ దగ్గరకు వెళ్ళేటప్పుడు

మనం సంఘంలో ప్రతి సభ్యుని పాల కొలత, వెన్న శాతం రాసి ఉంచుతాము. బండికీ ఒక చిన్న పుస్తకం పెట్టండి. ఆగిన రోజు, చోటు, ట్యాంకులో ఎంత ఉన్నది, క్యాన్లు నిండా ఉన్నాయా, ఇంజను వేడిగా ఉన్నదా, వాన పడిందా, ఎంతసేపటికి మళ్ళీ నడిచింది అని రాయించండి. నాలుగుసార్లు రాస్తే లోపం ఏ వైపు ఉన్నదో తెలుస్తుంది.

ఇంజను దీపం వెలిగితే యంత్రంతో కోడు చదివించి, ఆ సంఖ్యను బిల్లు మీద రాయించుకోండి. కోడు అనేది లోపం ఏ భాగం వైపు ఉన్నదో చూపుతుందే కానీ, ఆ భాగమే పాడైందని చెప్పదు. ఒకసారికి ఒక్క భాగమే మార్పించండి. మార్చిన తర్వాత నిండు క్యాన్లతో నడిపి చూడండి. తీసిన పాత భాగం అడిగి తెచ్చుకోండి. పాత ఫిల్టరును కోయించి చూస్తే తుప్పు, ఇసుక, జిగురు వంటివి బయటపడి అసలు కారణం తెలియవచ్చు.

బండి ఆగి ఉండగా పాలు

క్యాన్లు నీడలో ఉంచి తడిగోనెలు కప్పండి. మూతలు తీయకండి. డీజిలు అంటిన చేతులతో క్యాను ముట్టరాదు. ఎంత అత్యవసరమైనా పాల క్యానులో డీజిలు తేవడం పనికిరాదు. ఆ వాసన కడిగినా పోదు. నోటితో గొట్టం పెట్టి పెట్రోలు, డీజిలు పీల్చడం, దగ్గరలో బీడీ కాల్చడం ప్రాణాపాయం. పులుపు కనబడకుండా సోడా కలపడం కల్తీ, చట్టరీత్యా నేరం.

అన్నిటికన్నా ముఖ్యం, ఎంతసేపు చూడాలన్నది ముందే నిర్ణయించుకోవడం. మూత, సీసా, బ్యాటరీ పరీక్షలకు అరగంట చాలు. అరగంటలో బండి కదలకపోతే క్యాన్లు వేరే బండిలోకి మార్చాలి. ఠానేలంక, అనాతవరం, కొమానపల్లి వంటి ఊళ్ళ నుంచి 216వ నంబరు జాతీయ రహదారి మీదికి వచ్చే దారిలో ఎవరి ఆటో, ఎవరి ట్రాక్టరు వస్తుందో, బాడుగ ఎంతో, ఎవరు ఫోను చేయాలో పాలకవర్గ సమావేశంలో ముందే తీర్మానించి, ఆ కాగితం బండిలో అతికించండి. శీతల కేంద్రానికి కూడా వెంటనే ఫోను చేసి చెప్పాలి. ఆలస్యంగా వచ్చిన పాలను విడిగా పరీక్షించి తీసుకుంటే, మిగిలిన ఊళ్ళ మంచి పాలు వాటితో కలిసి చెడిపోకుండా ఉంటాయి.