నాలుగంగుళాల గాజు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. దుర్భిణి చేసి చూడు అని కూడా అని వుండేవారే గాని, పాపం, వారికి ఆ అవస్థ తటస్థపడి వుండదు. నాకు తటస్థపడింది.

నేను కాలేజీలో తెలుగు చెబుతాను. ఇరవై యేళ్లుగా ప్రబంధాలలోని చంద్రోదయ వర్ణనలు పాఠం చెబుతున్నానే గాని, తలెత్తి చంద్రుణ్ణి తేరిపార చూసిన రోజులు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. సంక్రాంతి సెలవుల్లో ఒక రాత్రి, పదో తరగతి చదివే మా అమ్మాయి డాబామీద పడుకుని, "నాన్నా, శనికి చుట్టూ వడ్డాణం వుంటుందిటగా, నువ్వు చూశావా?" అంది. లేదన్నాను. "అయితే నాకెవరు చూపిస్తారు?" అంది. జూన్ వస్తే ఇంటర్మీడియేటుకని హాస్టలుకు వెళ్లిపోతుంది. ఆ తరువాత మా ఇంట్లో వుండేది పండుగలకూ సెలవులకూ మాత్రమే. అది తలచుకుని, "నువ్వు వెళ్లేలోగా నేనే చేసి చూపిస్తానమ్మా" అనేశాను.

దుర్భిణిలో గొట్టం కష్టం కాదు; ప్లాస్టిక్ పైపు చాలు. కంటిదగ్గర పెట్టే చిన్న కటకమూ దొరుకుతుంది. చిక్కంతా ముందువైపు వుండే పెద్ద కటకంతోనే. అది ఎంత వెడల్పయితే అంత వెలుగు పోగుచేస్తుంది. చీకట్లో బాగా విప్పారిన కంటిపాప 7 మిల్లీమీటర్లు. నాలుగంగుళాల కటకం దానికి రెండువందల రెట్లు వెలుగు తెస్తుంది. ఈ లెక్క చేసుకున్న రోజునుంచి నాకు నాలుగంగుళాలు తప్ప మరేదీ రుచించలేదు.

మొదట కళ్లజోళ్ల దుకాణానికి వెళ్లాను.

"ప్లస్ వన్ అద్దం ఒకటి, కోయకుండా ఇవ్వండి."

"కుడి కంటికా, ఎడమ కంటికా?"

"కంటికి కాదండీ, శనికి."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఇంకేమీ అడగకుండా ఇచ్చేశాడు. ప్లస్ వన్ అంటే వెలుగును ఒక మీటరు దూరాన కూడగట్టే అద్దం. దాని అంచులు అట్టతో కప్పి, నడుమ అంగుళం రంధ్రం వుంచితే చంద్రుడిమీద గుంటలు కనిపించాయి. అమ్మాయి గంతులు వేసింది. కాని అట్ట తీస్తే చంద్రుడికి ఊదారంగు జరీ అంచు; తీయకపోతే వెలుగు చాలదు.

అప్పుడు ఫోనులో ఒక ప్రకటన చూశాను. "నాలుగంగుళాల జంట కటకం, దుర్భిణికి శ్రేష్ఠం." వెల నాలుగువేల అయిదువందలు. మా ఆవిడ గ్రైండరు కోసం దాచిన సొమ్ము అప్పుగా తీసుకుని పంపించాను. గాజు వచ్చింది. పళ్లెమంత వుంది, ధగధగలాడింది. మా ఫిజిక్సు మాస్టారికి సగర్వంగా చూపించాను. ఆయన దాన్ని ట్యూబులైటు కింద పట్టుకుని కాస్త అటూ ఇటూ వంచి, "మాస్టారూ, ఇందులో లైటు ఎన్నిసార్లు కనిపిస్తోంది?" అన్నారు. రెండుసార్లు అన్నాను. "జంట కటకమయితే, నడుమ గాలి సందు వుంటే నాలుగు నీడలు కనిపించాలి. అంటించినదయితే మూడు, అందులో ఒకటి మసకగా. ఇది ఒంటి గాజు. దీన్ని మన భాషలో భూతద్దం అంటారు."

అమ్మినవారికి రాశాను. జవాబు లేదు. ఇంట్లో మాత్రం జవాబులు చాలా వచ్చాయి.

ఒంటి గాజుకు వచ్చిన లోపం ఏమిటో మాస్టారు విప్పి చెప్పారు. గాజు నీలాన్ని ఎక్కువగా, ఎరుపును తక్కువగా వంచుతుంది. అందుచేత రంగులన్నీ ఒకచోట కలవవు. పూర్వం దీనికి విరుగుడు పొడవే. 17వ శతాబ్దంలో డాంజిగ్ నగరంలో హెవీలియస్ 150 అడుగుల దుర్భిణి కట్టాడు. తరువాత 1730 ప్రాంతాల ఇంగ్లండులో చెస్టర్ మూర్ హాల్ అనే న్యాయవాది ఉపాయం కనిపెట్టాడు. క్రౌన్ గాజుతో ఉబ్బెత్తు కటకం, ఫ్లింట్ గాజుతో గుంట కటకం చేసి జతపరిస్తే, ఒకటి చెదరగొట్టిన రంగులను రెండోది చేరుస్తుంది. రహస్యం దక్కించుకోవాలని ఆయన రెండు కటకాలనూ ఇద్దరు వేరువేరు పనివాళ్లకు పురమాయించాడట. ఆ ఇద్దరూ వాటిని జార్జి బాస్ అనే ఒకే మనిషికి అప్పజెప్పారట! 1758లో పేటెంటు మాత్రం జాన్ డాలండ్ అనే ఆయనకు దక్కింది.

"రెంటిలోనూ దోషం వుంది. ఒకదాని దోషం రెండోది కప్పుతుంది," అన్నారు మాస్టారు. మా ఆవిడ కాఫీ ఇస్తూ, "గ్రైండరు దోషం ఎవరు కప్పుతారో అడగండి" అంది.

పెద్ద కటకం కోసం ఇక్కట్లు పడ్డది నేనొక్కణ్ణే కాదని తెలిశాక కొంత ఊరట కలిగింది. ప్రపంచంలో ఖగోళ పరిశోధనకు పనికివచ్చిన కటక దుర్భిణులలో అతి పెద్దది అమెరికాలో యర్క్స్ వేధశాలలోని 40 అంగుళాలది. దాని గాజు బిళ్లలు పారిస్‌లో పోతపోసినవి; మొదట కాలిఫోర్నియాలో వేరొకరి కోసం పురమాయించినవి. వారికి డబ్బు చాలక ఆగిపోతే, 1892లో హేల్ అనే యువకుడు ఆ సంగతి విని, యర్క్స్ అనే ధనవంతుణ్ణి ఒప్పించి కొనిపించాడు. 1897లో దుర్భిణి నిలబడింది. అంతకన్న పెద్ద కటక దుర్భిణులు గిట్టుబాటు కాలేదు. అంచుల్లో మాత్రమే పట్టి వుంచవలసిన గాజు తన బరువుకు తానే వంగుతుంది. మన హైదరాబాదులో 1901లో నవాబు జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాలకూ 15 అంగుళాల గ్రబ్ దుర్భిణిని విదేశాలనుంచే తెప్పించవలసి వచ్చింది.

"ఇంకొకరు వదిలేసిన గాజు" అన్న మాట నా బుర్రలో నిలిచిపోయింది. కటకం విడిగా ఎందుకు వెదకాలి? విరిగిన దుర్భిణి వెదికితే సరి! మే నెలలో ఒక పాత సామాన్ల దుకాణంలో కాళ్లు విరిగి, గొట్టం సొట్టపడిన దుర్భిణి దొరికింది. ముందువైపు గాజు పదిలం. బల్బు కింద పట్టుకుని నీడలు లెక్కపెట్టాను. నాలుగు! ఇచ్చింది పదమూడువందలు. వెడల్పు మాత్రం 80 మిల్లీమీటర్లు. నాలుగంగుళాలకు ముప్పాతిక కన్న కాస్త ఎక్కువ. 1655లో హైగెన్స్ శనికి ఉపగ్రహం కనిపెట్టిన కటకం రెండంగుళాల పైచిలుకే కదా అనుకుని సమాధానపడ్డాను.

హాస్టలు ప్రయాణానికి మూడు రోజులుందనగా, తెల్లవారుజామున నాలుగు గంటలకు అమ్మాయిని లేపాను. తూర్పున శని వున్నాడు. సూర్యోదయం కాకముందే ముగించాలి. సూర్యుడివైపు దుర్భిణి తిప్పి చూస్తే కన్ను పోతుంది. అమ్మాయి కన్ను పెట్టింది. చాలాసేపు మాట్లాడలేదు.

"వుంది నాన్నా. కాని వడ్డాణంలా లేదు, సూది గుచ్చినట్లుంది."

ఆ వలయాలు 2025లో మనకు అంచు తిప్పాయి, అందుకే సన్నగా వున్నాయి, ఏటేటా విచ్చుకుంటాయని చెప్పాను.

"అయితే అమ్మకూ చూపించు. నేను సెలవులకు వచ్చినప్పుడు మళ్లీ చూస్తా," అంది.

వాళ్లమ్మను లేపడానికి దిగివెళ్లింది. ఆ పెద్ద గాజు ఇప్పుడు మా ఇంట్లో పంచాంగం చదవడానికి పనికివస్తోంది. గ్రైండరు బాకీ ఇంకా వుంది.