కారు కుదుపు, మెడ నొప్పి

చిట్టమూరు వైపు చుట్టాలింట పెళ్ళికో, మల్లాం సుబ్రహ్మణ్యేశ్వరస్వామి దర్శనానికో నెల్లూరు నుంచి కారులో బయలుదేరామనుకోండి. హైవే మీద ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. అది వదిలి పల్లె రోడ్డు పట్టాక ఒకచోట గేదెలు అడ్డం వస్తాయి, ఇంకోచోట కోతల రోజుల్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. డ్రైవరు గబుక్కున బ్రేకు వేస్తాడు. వెనకాలే వస్తున్న కారు వచ్చి మన కారుకు తగులుతుంది. అందరం దిగి చూస్తాం. బంపరు కాస్త నొక్కుకుపోయింది, ఎవరికీ రక్తం రాలేదు. దేవుడి దయ అనుకుని మళ్ళీ ఎక్కి కూర్చుంటాం.

మర్నాడు పొద్దున లేచేసరికి మెడ తిరగదు. తల వెనక భాగం నుంచి భుజాల దాకా పట్టేసినట్టుంటుంది. ఇంట్లో చెబితే వినేవాళ్ళేరీ? "ఏందమ్మే, కారుకే పెద్ద దెబ్బ తగల్లా, నీకేమయిందని?" అంటుంది అత్తగారు. ఎక్స్‌రే తీయిస్తే ఎముకలన్నీ సవ్యంగా ఉన్నాయంటారు. ఇక పనికి బద్ధకించి నటిస్తున్నదన్న మాట కూడా పడాలి.

ఆ నొప్పి నటన కాదమ్మా. వెనక నుంచి గుద్దినప్పుడు సీటు మన వీపును ఒక్కసారిగా ముందుకు తోస్తుంది. నాలుగైదు కిలోల బరువుండే తల మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. ఈ రెండింటి మధ్య చిక్కుకున్న మెడ, పాము వంకర తిరిగినట్టు వంగుతుంది. తర్వాత తల వెనక్కి వాలి, మళ్ళీ ముందుకు విసురుగా వస్తుంది. ఇదంతా కన్ను మూసి తెరిచేలోపే అయిపోతుంది, కండరాలు బిగబట్టుకునే వ్యవధి కూడా ఉండదు. కొరడా ఝళిపించినట్టు తల ఊగుతుంది గనక ఇంగ్లీషులో దీన్ని విప్‌లాష్ అన్నారు. 1928లో హెరాల్డ్ క్రో అనే అమెరికా ఎముకల వైద్యుడు వాడిన మాట ఇది. ఇందులో దెబ్బ తినేవి ముఖ్యంగా కండరాలు, ఎముకలను కలిపి ఉంచే నరాల్లాంటి కట్లు, పూసల మధ్య చిన్న కీళ్ళు. ఇవి ఎక్స్‌రేలో కనిపించవు. వాపు నెమ్మదిగా పెరుగుతుంది గనకనే నొప్పి కొన్ని గంటల తర్వాతో, మర్నాడో బయటపడుతుంది. తలనొప్పి, తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు నిలవకపోవడం కూడా ఉండవచ్చు.

అయితే కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం ఇంట్లో కూర్చోకూడదు. మెడ వెనక సరిగ్గా మధ్యన ఎముక మీద నొప్పి, చేతుల్లో గానీ కాళ్ళలో గానీ తిమ్మిరి, పట్టు తప్పడం, మాట తడబడటం, స్పృహ తప్పడం, ఆగని వాంతులు, మలమూత్రాల మీద అదుపు లేకపోవడం - వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. అరవై అయిదేళ్ళు దాటినవారికి ఏ గుర్తూ లేకపోయినా డాక్టరుకు చూపించాలి. గుద్దింది లారీయో బస్సో అయితే దాన్ని చిన్న దెబ్బగా లెక్కవేయకూడదు. అలాంటప్పుడు మనిషిని కాళ్ళూ చేతులూ పట్టి ఎత్తి ఆటోలో వేయడమే పెద్ద పొరపాటు. తలను రెండు చేతులతో కదలకుండా పట్టుకుని 108కి ఫోన్ చేయండి. మన రాష్ట్రంలో ఆ అంబులెన్సులు 2005 నుంచి ఉన్నాయి.

ఈ గుర్తులేవీ లేవని డాక్టరు చూసి చెప్పాక కూడా మనవాళ్ళు చేసే పని ఒకటుంది. నూనె రాసి గట్టిగా తోమించడం, లేదా మెడ పట్టుకుని టక్కున విరిచేవాళ్ళ దగ్గరికి పోవడం. దయచేసి ఆ పని చేయించకండి. అసలే బెణికిన కట్టు ఇంకా తెగుతుంది. ఒక్కోసారి మెదడుకు రక్తం తీసుకుపోయే నాళానికే ప్రమాదం.

మెడపట్టీ సంగతి కూడా చెప్పాలి. పూర్వం అందరికీ వారాల తరబడి పట్టీ కట్టేవారు. కెనడాలోని క్విబెక్‌లో నిపుణుల సంఘం 1995లో ఈ విషయమంతా పరిశీలించి, వీలైనంత త్వరగా మామూలు పనుల్లో పడటమే మేలని చెప్పింది. కదలకుండా ఉంచిన మెడ మరీ బిగుసుకుపోతుంది. డాక్టరు ప్రత్యేకంగా కట్టమంటే తప్ప పట్టీ మన అంతట మనం కొనుక్కోవలసింది కాదు.

మొదటి రెండు రోజులు ఐసు ముక్కలు బట్టలో చుట్టి పది, పదిహేను నిమిషాలు పెట్టండి. తర్వాత వేడి కాపడం హాయిగా ఉంటుంది. నొప్పికి పారాసెటమాల్ చాలు. మందుల షాపులో అడిగి కొనే నొప్పి బిళ్ళలు కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, రక్తపోటు ఉన్నవారికి మంచివి కావు. గడ్డాన్ని మెల్లగా ఒక భుజం వైపుకీ, మరో భుజం వైపుకీ తిప్పడం, చెవిని భుజం వైపు వంచడం - రోజుకు నాలుగైదుసార్లు, ఓర్చుకోగలిగినంత మేరకే. వంట చేసుకోవచ్చు, నడవవచ్చు. నీళ్ళ బిందె, గ్యాసు సిలిండరు, అటకమీది డబ్బాలు మాత్రం ఇంకొకరు దించాలి. ఆ మాట ఇంట్లో మొహమాటం లేకుండా చెప్పండి. తలకింద ఒక్క దిండే, అదీ ఎత్తు లేనిది. చాలామందికి కొద్ది వారాల్లోనే తగ్గిపోతుంది, కొందరికి నెలలు పడుతుంది. రెండు వారాలకీ ఏమాత్రం తెరిపి ఇవ్వకపోతే మళ్ళీ డాక్టరును కలవండి.

ఈ బెణుకు మగవారికంటే మనకే ఎక్కువగా వస్తుందని అనేక దేశాల్లో తేలింది. చిత్రమేమిటంటే కార్ల పరీక్షల్లో కూర్చోబెట్టే బొమ్మలను ఎక్కువగా మగవారి కొలతలతోనే చేస్తూ వచ్చారు. సగటు ఆడమనిషి కొలతలతో, వెనక నుంచి తగిలే దెబ్బల కోసం చేసిన బొమ్మను స్వీడన్‌లో ఆస్ట్రిడ్ లిండర్ అనే ఆవిడ బృందం 2022లో చూపించింది.

మనం చేయగలిగిందల్లా సీటు పైనున్న తలదిండును సరిచేసుకోవడం. అది నిద్రపోవడానికి పెట్టింది కాదు, తల వెనక్కి విసురుగా పోకుండా ఆపడానికి పెట్టింది. చాలా కార్లలో దాన్ని అడుగుకంటా నొక్కేసి ఉంచుతారు. అలా ఉంటే మెడ దాని మీదుగా ఇంకా వెనక్కి వంగుతుంది. దాని పై అంచు మన నడినెత్తికి సమానంగా రావాలి, తలకు దగ్గరగా ఉండాలి. వెనక సీట్లో కూర్చున్నా ఇంతే, బెల్టు కూడా పెట్టుకోవాలి. ఊరికి బయలుదేరే ముందు పైకి లాగి, క్లిక్కుమని శబ్దం వచ్చిందో లేదో చూసుకోండి.