గాసిం కోసం వెనక్కి వెళ్లినవాడు

నెఫూద్ ఎడారిని రాత్రంతా దాటిన ఒంటెల బారులో, తెల్లవారేసరికి ఒక ఒంటె మీద మనిషి లేడు. గాసిం అనేవాడు నిద్రమత్తులో జారి పడిపోయాడు. ఎక్కడ పడ్డాడో, ఎంత వెనకబడ్డాడో ఎవరికీ తెలియదు. కాసేపట్లో ఎండ ముదురుతుంది. వాడి నుదుటిన అంతే రాసి ఉందంటాడు అరబ్బు నాయకుడు షరీఫ్ అలీ. అందులో కాఠిన్యం లేదు. నీటిచుక్క లేని చోట యాభై మందిని దాటించాలంటే ఒకణ్ని వదులుకోక తప్పదని చిన్ననాటి నుంచి ఎరిగినవాడి మాట అది. బ్రిటిష్ లెఫ్టినెంట్ టి.ఇ. లారెన్స్ ఆ మాట వినడు. ఒంటెను వెనక్కి తిప్పుతాడు.

డేవిడ్ లీన్ దర్శకత్వంలో 1962 డిసెంబరులో లండన్‌లో విడుదలైన ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ గురించి ఎవరు మాట్లాడినా ఇసుక తిన్నెలతోనో, మారీస్ జార్ సంగీతంతోనో, ఏడు ఆస్కార్లతోనో మొదలుపెడతారు. ఆ మెప్పులన్నీ న్యాయమైనవే. కానీ మూడున్నర గంటలు దాటే ఈ యుద్ధ చిత్రానికి వెన్నెముక గాసిం అని నా నమ్మకం. కథను నిలబెట్టేదీ అతడే, కథానాయకుణ్ని కూల్చేదీ అతడే. ఆ వేషం వేసింది మన ఐ.ఎస్. జోహర్. హిందీ సినిమాల్లో హాస్యానికి పేరుపడ్డ ఆ నటుడికి ఇక్కడ నవ్వించే పనే లేదు. మండే నేల మీద తూలుతూ, ఒంటి మీది బరువులు ఒక్కొక్కటే విడిచేస్తూ నడవడమే పని.

నేపథ్యం కొంత చెప్పుకోవాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో, మక్కా షరీఫ్ హుసేన్ ఒట్టోమన్ తుర్కుల మీద తిరుగుబాటు లేవదీశాడు. ఆయన కొడుకు ఫైసల్ దగ్గరికి బ్రిటన్ పంపిన వాళ్లలో లారెన్స్ ఒకడు. ఎర్ర సముద్రపు కొసన ఉన్న అకాబా రేవును పట్టుకోవడం వాళ్ల లక్ష్యం. సినిమాలో అకాబా ఫిరంగులన్నీ సముద్రం వైపే గురిపెట్టి ఉంటాయి. వెనక నెఫూద్ ఉంది కాబట్టి అటునుంచి ఎవరూ రారని తుర్కుల ధీమా. అటునుంచే వెళదామంటాడు లారెన్స్.

ఎడారిని లీన్ చూపించిన తీరే వేరు. షరీఫ్ అలీ తొలిసారి కనిపించే దృశ్యాన్ని జోర్డాన్‌లోని చదునైన మట్టి మైదానంలో తీశారు. బావి దగ్గర లారెన్స్, దారి చూపే బెదూయిన్ ఉంటారు. దిగంతాన ఎండమావిలో ఒక నల్లటి మచ్చ వణుకుతుంది. ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ యంగ్ 482 మిల్లీమీటర్ల లెన్సు పెట్టి ఆ మచ్చను చూస్తూ ఉండిపోతాడు. మచ్చ ఒంటె అవుతుంది, ఒంటె మీద మనిషి తేలుతాడు. తుపాకీ పేలుతుంది, దారి చూపేవాడు కూలిపోతాడు. తమది కాని బావిలో నీళ్లు తాగడమే అతడు చేసిన నేరం. అంత అందమైన దృశ్యం హత్యతో ముగియడం యాదృచ్ఛికం కాదు. ఈ సినిమాలో అందం వెనకే నెత్తురు వస్తుంది. 70 ఎంఎం తెర మీద ఆ మచ్చ కోసం కళ్లు చికిలించి వెతుక్కోవాలి. చిన్న తెర మీద ఆ వెతుకులాటే ఉండదు.

అగ్గిపుల్ల సంగతి సినిమా విద్యార్థులందరికీ తెలిసిందే. కైరో ఆఫీసులో లారెన్స్ పుల్లను ఊదగానే తెర మీద ఎడారి సూర్యోదయం పరుచుకుంటుంది. ఒక దృశ్యం మరోదానిలో మెల్లగా కరిగేలా చేయాలన్నది మొదటి ఆలోచన. ఎడిటింగ్ గదిలో ఆ రెండు ముక్కలూ నేరుగా పక్కపక్కన పడటం చూసి, అదే బాగుందనుకున్నారు. ఎడిటర్ ఆన్ కోట్స్‌కు ఆస్కార్ దక్కింది. ఇంతటి సినిమాలో నోరు విప్పి మాట్లాడే స్త్రీ పాత్ర ఒక్కటీ లేదు. దాని లయను తీర్చిదిద్దింది మాత్రం ఒక స్త్రీ.

ఇక గాసిం దగ్గరికి వద్దాం. లారెన్స్ అతణ్ని బతికించి తెస్తాడు. అలీ మనసు కరిగిపోతుంది. లారెన్స్ పాత యూనిఫాంను అలీ మంటలో వేసి, అతడికి తెల్లటి అరబ్బు దుస్తులు తొడుగుతాడు. ఆ బట్టల్లో తన నీడను చూసుకుని, బాకు మెరుపులో తన ముఖం చూసుకుని లారెన్స్ మురిసిపోతాడు. నుదుటి రాతను చెరిపేశానన్న గర్వం అది.

అకాబా ముంగిట, రాత్రి మకాంలో అలీ మనిషొకడు ఔదా అబూ తాయీ అనే మరో తెగ నాయకుడి మనిషిని చంపేస్తాడు. ప్రాణానికి ప్రాణం తీయాల్సిందే. ఎవరు తీసినా రెండు తెగలూ కొట్టుకు చస్తాయి. ఏ తెగకూ చెందనివాడు కాబట్టి ఆ పని తానే చేస్తానంటాడు లారెన్స్. దోషి తలెత్తుతాడు. గాసిం! తుపాకీ ఖాళీ అయ్యేదాకా కాలుస్తాడు లారెన్స్. ఆ రాత ముందే రాసి ఉందన్నమాట అని తేల్చేస్తాడు ఔదా. తర్వాత కైరోలో సేనాని ఆలెన్‌బీ ముందు లారెన్స్ అసలు భయాన్ని బయటపెడతాడు. చంపడం తనకు నచ్చిందట.

చరిత్రలో ఇవి రెండు వేరువేరు సంఘటనలు. 1917లో లారెన్స్ హమేద్ అనే మొరాకో మనిషిని చేజేతులా కాల్చి చంపాడు. ఆ తర్వాత కొన్ని వారాలకు ఎడారిలో తప్పిపోయిన గాసింను వెతికి తెచ్చాడు. ఆ సంగతులు తన పుస్తకంలో తానే రాసుకున్నాడు. రచయితలు రాబర్ట్ బోల్ట్, మైకేల్ విల్సన్‌ల కథనంలో లారెన్స్ చేత బతికినవాడూ, అతడి చేతిలో చచ్చినవాడూ ఒక్కడే అయ్యాడు. చరిత్రకు అది అబద్ధమే. ఆ మనిషి లోపలి చీలికను చూపడానికి మాత్రం అంతకంటే నిజమైన దారి లేదు.

గాసిం చావు తర్వాత సినిమా కథ పల్లానికి జారుతుంది. తఫాస్ అనే ఊరి దగ్గర ఒక్కణ్నీ ప్రాణాలతో పట్టుకోవద్దని అరిచి, వెనుదిరిగి వెళుతున్న తుర్కు పటాలం మీద విరుచుకుపడతాడు లారెన్స్. వద్దని బతిమాలేది ఎవరో తెలుసా? బావి దగ్గర నిబ్బరంగా మనిషిని కాల్చిన అలీయే. అలీగా ఒమర్ షరీఫ్ ఆ మార్పును కళ్లతోనే పలికించాడు. లారెన్స్‌గా పీటర్ ఓటూల్ నెత్తురోడే బాకులో మళ్లీ తన ముఖం చూసుకుంటాడు.

ఈ సినిమా మీద నాకు ప్రేమ ఎంత ఉన్నా కొన్ని విషయాలు మింగుడుపడవు. ఫైసల్‌గా ముఖానికి రంగు పూసుకున్న అలెక్ గిన్నిస్, ఔదాగా మెక్సికోలో పుట్టిన ఆంథొనీ క్విన్. దమాస్కస్‌లో అరబ్బులంటే పాలన చేతకాక కేకలు వేసుకునే గుంపు అన్నట్టు చూపడం మరీ అన్యాయం. చరిత్రలో అకాబా కోసం అసలు పోరు అబూ అల్-లసాన్ దగ్గర జరిగింది. రేవు దాదాపు పోరాడకుండానే లొంగిపోయింది. ఆలెన్‌బీ సేనలో వేలాది మంది భారతీయులున్నారు. నిజాం సంస్థానపు హైదరాబాద్ లాన్సర్లు పాలస్తీనా రంగంలో 15వ ఇంపీరియల్ సర్వీస్ అశ్విక దళంలో పనిచేశారు. ఢిల్లీలోని తీన్ మూర్తి విగ్రహాలు జోధ్‌పూర్, మైసూర్ దళాలతో పాటు వాళ్ల గుర్తుగా నిలిపినవే. సినిమా చూస్తే, దమాస్కస్ దారిలో మనవాళ్లు కూడా ఉన్నారని ఊహకైనా రాదు.

విడుదలైన తర్వాత సినిమాకే కత్తెర పడింది. 1971 నాటికి 187 నిమిషాలకు కుదించారు. రాబర్ట్ హారిస్ బృందం పోయిన ముక్కలను వెతికి, 1989లో లీన్ సమక్షంలోనే మళ్లీ అతికించింది. కొన్ని సన్నివేశాలకు ధ్వని దొరక్కపోతే ఓటూల్, గిన్నిస్, క్విన్ అన్నేళ్ల తర్వాత తమ యౌవనపు ముఖాలకు మళ్లీ గొంతులిచ్చారు. ఆలెన్‌బీ వేషం వేసిన జాక్ హాకిన్స్ అప్పటికే కన్నుమూయడంతో చార్లెస్ గ్రే ఆ గొంతు పలికాడు. 2012లో 4కె ప్రతి కూడా సిద్ధమైంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోని పెద్ద తెరల యజమానులు ఒక్క ఆదివారం పొద్దుటి ఆట దీనికి కేటాయించాలి. ఇంటర్వెల్ కూడా లీన్ పెట్టిన చోటే ఇవ్వాలి.