మీకు తెలుసా? ఇంగ్లిష్ గుంపుల్లో గొర్రెలున్నాయి!

ఇలా దగ్గరికి రండి, చెవిలో ఓ మాట! ప్రార్థనకు జనం చేరితే ఇంగ్లిష్‌లో 'కాంగ్రిగేట్' అంటారు కదా. ఎంత పెద్దమనిషి మాటో! విప్పి చూస్తే లోపల 'గ్రెక్స్' ఉంది. లాటిన్‌లో మంద అని అర్థం! 'సెగ్రిగేట్' అంటే మందలోంచి విడదీయడం. మన పిల్లల మార్కుల 'అగ్రిగేట్' కూడా మందలో కలపడమే! ఒకే మంద, 3 మాటలు!

'ఫ్లాక్', 'హెర్డ్' కూడా మంద మాటలే. మరి తేడా? పండక్కి వచ్చిన సినిమాకి జనం 'ఫ్లాక్' అవుతారు. వాళ్లంతట వాళ్లే ఎగబడతారు! అదే జనాన్ని ఎవరైనా లారీలోకి 'హెర్డ్' చేస్తే? తోలారన్నమాట! ఈ 2 మాటల మధ్య తేడా కాపరి చేతిలో కర్రే!

చేపలూ 'స్కూల్' చేస్తాయి! అంటే గుంపుగా ఈదుతాయి. మన బడికీ దానికీ చుట్టరికమే లేదు! బడిని చెప్పే 'స్కూల్' గ్రీకుది. అక్కడ దానికి 'తీరిక' అని అర్థం! చేపల మాట డచ్చి వాళ్లది. స్పెల్లింగ్ ఒకటే, పుట్టిళ్లు 2!

గట్టు మీద బెల్లం ముక్క పెట్టి చూడండి. కాసేపటికే చీమలు పడతాయి, ఈగలు ముసురుతాయి! ఇంగ్లిష్ వాళ్లు రెంటికీ 'స్వార్మ్' అనేస్తారు. కానీ ఆ మాట అసలు అందం తేనెటీగల దగ్గరే చూడాలి! పట్టు ఇరుకైతే సగానికి పైగా ఈగలు లేచిపోతాయి. ఏ రాణి వెంట? కొత్త రాణి వెంట కాదు, పాత రాణి వెంట! కట్టిన ఇల్లు కూతురికి వదిలేసి తల్లే బయల్దేరుతుంది! దాదాపు 10,000 ఈగలు ఒక కొమ్మకు గుత్తిలా వేలాడతాయి. కొన్ని వెళ్లి కొత్త చోటు వెతికొచ్చి, నాట్యం చేసి దారి చెబుతాయి!

మిడతలకూ 'స్వార్మ్' అనే అంటారు. మనం మాత్రం దండు అంటాం. ఎంత సరైన మాటో చూడండి! ఒక్క చదరపు కిలోమీటరు దండులో 8 కోట్ల ఎడారి మిడతలు ఉండొచ్చు!

క్రికెటర్లు భుజాల మీద చేతులేసుకుని గుండ్రంగా నిలబడితే 'హడిల్'. అంటార్కిటికాలో ఎంపరర్ పెంగ్విన్లదీ అదే పని! బయట ప్రాణాలు తీసే చలి. గుంపు నడుమ 37 డిగ్రీల దాకా వేడి! అచ్చం మన ఒంటి వేడి!

అల్లరిమూకను 'మాబ్' అంటారు. అది తోక తెగిన మాట! అసలు పేరు 'మొబిలె వల్గుస్'. నిలకడ లేని జనం అని అర్థం. గలివర్ కథ రాసిన స్విఫ్ట్‌కు ఈ కుదింపు ఎంత మంటో! 1710లో పత్రికకెక్కి మరీ తిట్టాడు! ఇప్పుడు గద్దను తరిమే కాకులు కూడా 'మాబ్' చేస్తున్నాయి!

చివరిది మన ఊళ్లదే! 2005 నాటి ఉపాధి హామీ చట్టంతో పల్లెపల్లెకూ 'మస్టరు' అనే హాజరు పట్టీ తెలిసింది. దాని మూలం లాటిన్‌లో 'చూపించు'. మనిషి ముఖం చూపిస్తేనే హాజరు! ఆస్ట్రేలియాలో పశువులను కూడా 'మస్టర్' చేస్తారు, అంటే ఒకచోటికి తోలతారు. ఎలాగో తెలుసా? హెలికాప్టరెక్కి!