చలికి ఇంట్లో నిప్పు: ఎలాంటి పొయ్యి మంచిది?

డిసెంబరు, జనవరి నెలల్లో పాడేరు, అరకు, చింతపల్లి కొండల్లో చలి ఎముకలు కొరుకుతుంది. లంబసింగిలో కొన్ని సంవత్సరాలు ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా పడిపోతుంది. ఇలాంటి చోట ఇంట్లో నిప్పే వద్దని చెప్పడం కుదరదు. అయితే ఆ నిప్పు నుంచి వచ్చే పొగ ఎటు పోతోందో మాత్రం తప్పక చూసుకోవాలి.

పొగ రాని నిప్పుతోనూ ప్రమాదమే

పొగ కమ్మితే కళ్ళు మండుతాయి, దగ్గు వస్తుంది, మనమే లేచి తలుపు తీస్తాం. కుంపట్లో ఎర్రగా కాలిన బొగ్గుల నుంచి పొగ రాదు కాబట్టి ఎవరికీ అనుమానం కలగదు. కాని వాటి నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దీనికి రంగు, వాసన ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, వికారం, మగత కలుగుతాయి. నిద్రపోతున్నవారికి ఇవేవీ తెలియవు, నిద్రలోనే ప్రాణం పోవచ్చు.

బాలింతకు వెచ్చగా ఉండాలని మంచం కింద కుంపటి పెట్టి, కిటికీలు మూసేయడం మన ఇళ్ళలో ఉన్న అలవాటు. ప్రేమతో చేసే ఈ పని తల్లీబిడ్డలిద్దరికీ ముప్పు తెస్తుంది.

కట్టెల పొగ కూడా తక్కువదేమీ కాదు. ఇంట్లో పొగ పీల్చే ఐదేళ్ళలోపు పిల్లలకు నిమోనియా ముప్పు దాదాపు రెట్టింపు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

పొయ్యి ఎంచుకునేటప్పుడు

1. పొగ గొట్టం ఉండాలి. అది ఇంటికప్పు దాటి పైకి లేవాలి. గడ్డి కప్పుకు, వాసాలకు వేడి గొట్టం తగలకూడదు. మసి పేరుకుంటే పొగ తిరిగి గదిలోకే తన్నుతుంది కనుక తరచు దులపాలి.

2. నిప్పు చుట్టూ మూసి ఉండి, కింద గాలి పోయే జల్లెడ ఉన్న పొయ్యిలో కట్టె బాగా కాలుతుంది, పొగ తగ్గుతుంది.

3. బజారులో దొరికే చిన్న ఇనుప పొయ్యిలకు ఐఎస్ఐ మార్కు ఉందేమో చూడండి. మార్కు ఉన్నా, గొట్టం లేనిదైతే తలుపులు మూసిన గదిలో వాడవద్దు.

4. బాగా ఎండిన కట్టెలే వాడండి. పచ్చికట్టె వేడి తక్కువ, పొగ ఎక్కువ ఇస్తుంది. ప్లాస్టిక్, రంగు వేసిన చెక్క పొయ్యిలో వేయవద్దు.

5. గొట్టం ఉన్నా కిటికీ కొంచెం తెరిచే ఉంచండి. పడుకునే ముందు కుంపటి బయట పెట్టేయండి. బూడిద కప్పిన బొగ్గులు ఆరిపోయాయని అనుకోవద్దు.

పసిబిడ్డకు వెచ్చదనం కావాలంటే తల్లి గుండెకు ఒంటికి ఒళ్ళు తగిలేలా ఆనించి, పైన దుప్పటి కప్పి, తలకు టోపీ పెట్టండి. ఇందుకు ఏ పొయ్యీ అక్కరలేదు.

ఇలా జరిగితే

తెల్లవారేసరికి ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వాంతులు, మత్తు కనిపిస్తే చలిజ్వరమని ఊరుకోవద్దు. తలుపులు తెరిచి, అందరినీ బయటికి తీసుకురండి. 108కి ఫోను చేయండి. గదిలో నిప్పు పెట్టుకున్న సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పండి. ఆ ఒక్క మాటతో సరైన చికిత్స, అంటే ఆక్సిజన్, వెంటనే మొదలవుతుంది.